ప్రేక్షకుణ్ణి చూసే ప్రేక్షకుడు: సంగీత ప్రతిస్పందన వేదికలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక పాటను తొలిసారి వింటూ, ఆ వినికిడిలో తనకు కలిగిన స్పందనను చిత్రీకరించి లోకానికి చూపే 'రియాక్షన్ వీడియో' అంతర్జాల సంస్కృతిలో స్వతంత్ర ప్రక్రియగా స్థిరపడింది. అభిమాని పాటను కోరడం, స్పందనకర్త దాన్ని విని చూపడం, అందుకు ప్రతిఫలం పొందడం అనే మూడు అంచెల వ్యవహారం క్రమంగా ప్రత్యేక వేదికల నిర్మాణానికి దారి తీసింది. ఈ వేదికలను సాంకేతిక, వాణిజ్య విషయాలుగా మాత్రమే చూడటం పరిపాటి. ప్రస్తుత వ్యాసం వాటిని రసాస్వాదనకు సంబంధించిన సాహిత్య సమస్యగా పరిశీలిస్తుంది. భరతుని నాట్యశాస్త్రం చెప్పిన సిద్ధి, ప్రాశ్నిక భావనలు, అభినవగుప్తుని సహృదయ, రసవిఘ్న చర్చలు, తెలుగు ప్రదర్శన కళల్లోని శ్రోతృసంప్రదాయం ఈ పరిశీలనకు ఆధారాలు. నేటి వేదికల అమరిక వాచాలమైన స్పందనను పోషించి మౌనాన్ని శిక్షిస్తున్నదని, అసమ్మతికి చోటు లేని వేదిక విమర్శ వేదిక కాజాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రతిస్పందన, రియాక్షన్ వీడియో, సిద్ధి, ప్రాశ్నికుడు, సహృదయుడు, రసవిఘ్నం, శ్రోత, కాపీరైట్, అభిమాని.

1. ఉపోద్ఘాతం

పాట వినడం ఒక అనుభవం. పాట వింటున్నవాణ్ణి చూడటం మరొక అనుభవం. ఈ రెండవ అనుభవం కొత్తది కాదు. కచేరీలో పక్కవాడి తల ఊపు చూసి తానూ తల ఊపిన శ్రోత ఎప్పుడూ ఉన్నాడు. అయితే ఆ చూపే ప్రధానమై, పాట దానికి నిమిత్తంగా మారిన ప్రక్రియ మాత్రం ఈ శతాబ్దానిది. 2010లో ఫైన్ బ్రదర్స్ అనే అమెరికన్ సోదరులు పిల్లలకు వీడియోలు చూపించి వారి స్పందనలను చిత్రీకరించిన వరుస కార్యక్రమం ఈ ప్రక్రియకు విస్తృత ప్రచారం తెచ్చింది. తరువాతి కాలంలో సంగీతం ఈ ప్రక్రియకు అత్యంత అనుకూలమైన వస్తువుగా రుజువైంది. మూడు నాలుగు నిమిషాల నిడివి, ఎత్తుగడ, ఉచ్చస్థాయి, ముగింపు అనే స్పష్టమైన నిర్మాణం పాటకు ఉన్నాయి. ఆ నిర్మాణంలోని ప్రతి మలుపూ శ్రోత ముఖం మీద కనిపిస్తుంది.

స్పందనకర్త ఏ పాట వినాలో నిర్ణయించేది చాలాసార్లు అతడు కాదు, అభిమాని. తాను ఎన్నోసార్లు విని కంఠస్థం చేసుకున్న పాటను, అది ఎన్నడూ వినని మరొకరి చేత వినిపించాలని అభిమాని కోరుకుంటాడు. ఈ కోరికను, దాన్ని తీర్చగలవాణ్ణి కలిపే వేదిక ఎలా ఉండాలన్నది ఈ వ్యాసం చర్చించే ప్రధాన ప్రశ్న. కోరికల జాబితా, ఓటింగు, చెల్లింపు, హక్కుల పరిష్కారం వంటి అంశాలు పైకి సాంకేతికంగా కనిపిస్తాయి. వాటి లోపల 'ఎవరి ఆనందానికి ఎవరు సాక్షి' అన్న పాత రసచర్చ దాగి ఉంది.

2. తెలుగు ప్రదర్శన కళల్లో శ్రోత స్వరం

తెలుగు మౌఖిక సంప్రదాయంలో శ్రోత మూగవాడు కాడు. కథ చెప్పేవాడికి 'ఊ' కొట్టేవాడు కావాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. ఆ ఒక్క అక్షరం శ్రోత మెలకువకు, ఆసక్తికి, అనుమతికి గుర్తు. బుర్రకథలో ఈ 'ఊ' రంగస్థలం మీదికే వచ్చింది. ప్రధాన కథకునికి ఇరుపక్కలా నిలిచిన వంతలలో ఒకరు హాస్యాన్ని, మరొకరు సమకాలిక రాజకీయ సామాజిక వ్యాఖ్యను అందిస్తారు. వారు కథను ఆపుతారు, ప్రశ్నిస్తారు, ఆశ్చర్యపోతారు, ఎగతాళి చేస్తారు. ప్రేక్షకుని బదులు స్పందించే పాత్రను ప్రదర్శనలోనే ఒక భాగంగా చేయడం బుర్రకథ సాధించిన శిల్పం. స్పందనకర్తకు తెలుగు నేల మీద పూర్వీకుణ్ణి వెతికితే మొదట కనిపించేది ఈ వంతపాటగాడే.

పద్యనాటకాల కాలంలో శ్రోత మరింత అధికారం చూపాడు. రాయబారం పద్యానికి 'వన్స్‌మోర్' అన్న కేక లేస్తే నటుడు కథాగమనాన్ని పక్కనపెట్టి రాగాన్ని మళ్లీ ఎత్తుకోవలసిందే. అవధానంలో పృచ్ఛకుడు అడిగేవాడు, అడ్డుకునేవాడు, మెచ్చేవాడు కూడా. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి కాదంటాడు. అతని కాదనడం వల్లనే పద్యానికి విలువ పెరుగుతుంది. మెప్పుకోలు మాత్రమే స్పందన కాదన్న అవగాహన ఈ ప్రక్రియలో ఇమిడి ఉంది.

రేడియో వచ్చాక కోరే శ్రోత పుట్టాడు. 1957లో ఆకాశవాణి విವిధ భారతి సేవను ప్రారంభించింది. శ్రోతలు కోరిన పాటల కార్యక్రమాలకు ఉత్తరాలు రాసి, తమ పేరు, ఊరి పేరు, బంధుమిత్రుల పేర్లు ప్రసారంలో వినబడాలని ఎదురు చూసినవారు అసంఖ్యాకులు. హిందీ పాటల కోరికల వల్లనే ఝుమ్రీ తలయ్యా అనే చిన్న పట్టణం దేశమంతటా పేరు పొందింది. ఆ శ్రోతకు కావలసింది పాట ఒక్కటే కాదు. ఆ పాటను కోరింది తానేనని నలుగురికీ తెలియడం. నేటి అభిమాని స్పందనకర్తకు పంపే కోరికలో ఈ రేడియో ఉత్తరపు స్వభావం చెక్కుచెదరలేదు. మారినదల్లా అవతలి వ్యక్తి. రేడియో వ్యాఖ్యాత పాటను ప్రసారం చేసి తప్పుకునేవాడు. స్పందనకర్త పాటతో పాటు ఉండిపోతాడు.

3. నాట్యశాస్త్ర దృష్టి: సిద్ధి, ప్రాశ్నికుడు

ప్రదర్శన ఫలించిందని తెలిసేది ఎలా? ఈ ప్రశ్నకు నాట్యశాస్త్రం 27వ అధ్యాయం సిద్ధి పేరుతో సమాధానం చెప్పింది. సిద్ధి రెండు విధాలు: మానుషి, దైవి. మానుషసిద్ధి ప్రేక్షకుల మాటల్లోనూ శరీరంలోనూ కనిపిస్తుంది. చిరునవ్వు, పెద్దనవ్వు, 'సాధు', 'అహో', 'కష్టం' అనే ఉద్గారాలు, సభలో చెలరేగే కోలాహలం వాచికమైనవి. గగుర్పాటు, ఆసనం నుంచి లేచి నిలబడటం, వస్త్రాభరణాలు బహూకరించడం శారీరమైనవి. దైవసిద్ధికి ఇవేవీ గుర్తులు కావు. సభ నిండుగా ఉండి, శబ్దం గాని చలనం గాని క్షోభ గాని లేని స్థితి అది. భరతుడు నిశ్శబ్దాన్ని కోలాహలం కంటే పై మెట్టులో నిలిపాడు.

ఈ వర్గీకరణను రియాక్షన్ వీడియోకు అన్వయిస్తే ఆ ప్రక్రియ పరిధి తేటపడుతుంది. అది దాదాపు పూర్తిగా మానుషసిద్ధికి చెందినది. విప్పారిన కళ్లు, తెరచిన నోరు, చేతి మీద నిక్కబొడుచుకున్న రోమాలను కెమెరాకు చూపడం, కుర్చీలోంచి లేవడం, పాట ఆపి 'మళ్లీ విందాం' అనడం భరతుని జాబితాకు ఆధునిక రూపాలు. బహుమానపు వస్త్రాభరణాల స్థానంలో అభిమాని పంపే చిన్న మొత్తాలు వచ్చాయి. ఒక తేడా మాత్రం ఉంది. నాట్యశాస్త్రంలో బహుమానం నటునికి అందుతుంది. ఇక్కడ అది ప్రేక్షకునికి అందుతుంది.

అదే అధ్యాయంలో ప్రాశ్నికుల ప్రస్తావన వస్తుంది. ప్రయోక్తల మధ్య స్పర్ధ వచ్చినప్పుడు గుణదోషాలు తేల్చవలసినవారు ప్రాశ్నికులు. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్విద్యానిపుణుడు, చిత్రకారుడు, వేశ్య, గాంధర్వవేత్త, రాజసేవకుడు అని పదిమందిని భరతుడు పేర్కొన్నాడు. స్వరతాళాలకు గాంధర్వవేత్త, వేషానికి చిత్రకారుడు, పాఠ్యానికి శబ్దవేత్త అన్నట్లు ఎవరి రంగంలో వారే ప్రమాణం. ఉత్తమ ప్రేక్షకునికి ఉండవలసిన గుణాలన్నీ ఒక్కరిలో ఉండటం సాధ్యం కాదని, తెలుసుకోవలసింది అపారమని, ఆయుర్దాయం స్వల్పమని కూడా ఆ గ్రంథం ఒప్పుకున్నది.

నేటి స్పందనకర్తలలోనూ ఇటువంటి విభాగం కనిపిస్తుంది. గాత్రశిక్షకులు గాయకుని శ్వాసను, స్థాయిని గమనిస్తారు. డ్రమ్మర్లు లయను విడదీస్తారు. శబ్దమిశ్రమ నిపుణులు వాద్యాల పొందికను వివరిస్తారు. నృత్యకారులు పదవిన్యాసాన్ని చూస్తారు. ఏ నైపుణ్యమూ ప్రకటించని సామాన్య శ్రోతలూ ఉన్నారు. అభిమానులను స్పందనకర్తలతో కలిపే వేదిక చేయవలసిన మొదటి పని ఈ విభాగాన్ని గుర్తించడం. స్పందనకర్తలను చందాదారుల సంఖ్య ప్రకారం పేర్చడం సంత పద్ధతి. ఏ ప్రశ్నకు ఎవరు ప్రాశ్నికుడో చెప్పడం సభా పద్ధతి.

4. తొలి వినికిడి: విలువ, వైరుధ్యం

అభిమాని ఎందుకు కోరుతాడు? ఆడమ్ స్మిత్ 1759లో ప్రచురించిన 'ది థియరీ ఆఫ్ మోరల్ సెంటిమెంట్స్' గ్రంథంలో ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చాడు. పలుమార్లు చదివి కొత్తదనం కోల్పోయిన పుస్తకాన్ని మిత్రునికి చదివి వినిపిస్తే, అతనికి కలిగే ఆశ్చర్యంలో పాలుపంచుకోవడం ద్వారా మనకు ఆ పుస్తకం మళ్లీ కొత్తదవుతుందని అతని వాదన. రియాక్షన్ వీడియో అందించే ఆనందం ఇదే. అభిమాని కోల్పోయినది పాటను కాదు, పాట తొలిసారి తాకిన క్షణాన్ని. దాన్ని అతడు మరొకరి ముఖంలో తిరిగి పొందుతాడు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 2020 నాటిది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం గేరీ పట్టణానికి చెందిన కవల సోదరులు టిమ్, ఫ్రెడ్ విలియమ్స్ ఫిల్ కాలిన్స్ 1981లో విడుదల చేసిన 'ఇన్ ది ఎయిర్ టునైట్' పాటను తొలిసారి వింటూ వీడియో చేశారు. మూడు నిమిషాలకు పైగా అణచిపెట్టిన లయ ఒక్కసారిగా డ్రమ్ముల మోతగా విరుచుకుపడే చోటు ఆ పాటకు ఆయువుపట్టు. పాట తెలిసిన ప్రేక్షకుడు ఆ క్షణం కోసం కాచుకొని ఉంటాడు. పాట తెలియని సోదరులకు అది వస్తున్నదన్న జాడ లేదు. ఈ తెలియడానికి, తెలియకపోవడానికి మధ్య ఉన్న ఎడమే ఆ వీడియోలోని రసవత్తరమైన అంశం. నాటకంలో పాత్రకు తెలియని సంగతి ప్రేక్షకునికి తెలిసి ఉండటం వల్ల పుట్టే ఉత్కంఠ వంటిదే ఇది. ఆ వీడియో వ్యాప్తి వల్ల నాలుగు దశాబ్దాల నాటి పాట ఐట్యూన్స్ అమ్మకాల జాబితాలో మళ్లీ పై వరుసలకు చేరింది. స్పందన మూలకృతికి నష్టం చేస్తుందనే వాదానికి ఇది బలమైన జవాబు.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. అభినవగుప్తుడు చెప్పిన సహృదయుడు అభ్యాసం వల్ల తయారైనవాడు. కావ్యానుశీలనతో మనోదర్పణాన్ని నిర్మలం చేసుకొని, వర్ణితమైన దానితో తన్మయం కాగల యోగ్యత సంపాదించినవాడు. రియాక్షన్ ప్రక్రియ మాత్రం ఆ పాటతో పరిచయం లేకపోవడానికే వెల కడుతుంది. అనుభవం పెరిగేకొద్దీ స్పందనకర్త మంచి శ్రోత అవుతాడు. అదే సమయంలో అతని 'కొత్త చెవి' అరిగిపోతుంది. ఒక గాయకుని తొలి పాట అతడు ఒక్కసారే వినగలడు. పదవ పాటకు ఆ గొంతు అతనికి పరిచితం. తరగని కోరికల జాబితాకు, తరిగిపోయే తొలి వినికిడికి మధ్య ఏర్పడిన ఒత్తిడి నుంచే నటన పుడుతుంది.

సాత్త్వికభావాల చర్చ ఇక్కడ ఉపకరిస్తుంది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిదీ మనస్సు ఏకాగ్రమైతే తప్ప కలగవని భరతుడు చెప్పాడు. నటుడు వాటిని సాధించవలసినవాడు, ప్రేక్షకునికి అవి వాటంతట అవే కలుగుతాయి. స్పందనకర్త ఈ రెండు స్థానాలలోనూ ఒకేసారి నిలబడ్డాడు. పాటకు అతడు ప్రేక్షకుడు, కెమెరాకు నటుడు. అతని కన్నీరు ఏ స్థానం నుంచి వచ్చిందో చెప్పడం చూసేవారికి సాధ్యం కాదు. కొన్నిసార్లు అతనికీ సాధ్యం కాకపోవచ్చు. అందువల్ల ఈ ప్రక్రియను నిజం, అబద్ధం అనే రెండు గడుల్లో మాత్రమే తూచడం సరిపోదు. నటనను ప్రోత్సహించే పరిస్థితులను వేదిక ఎంతవరకు కల్పిస్తున్నదన్నది అడగదగిన ప్రశ్న.

5. వేదిక నిర్మాణం: కోరిక, వరుస, వెల

స్పందన ప్రక్రియకు ఆర్థికమైన ఆధారం కల్పించిన ప్రయత్నాలలో రెండు ప్రస్తావించదగినవి. మొదటిది 2013లో జాక్ కాంటే, శామ్ యామ్ స్థాపించిన పేట్రియాన్. కాంటే స్వయంగా సంగీతకారుడు. అభిమానులు నెలవారీగా చెల్లించే మొత్తంతో కళాకారుడు నిలదొక్కుకునే పద్ధతి అది. స్పందనకర్తలు ఈ పద్ధతిని విరివిగా స్వీకరించారు. చందా స్థాయిని బట్టి కోరికకు ప్రాధాన్యం ఇవ్వడం, రాబోయే పాట మీద ఓటింగు పెట్టడం, కోత లేని పూర్తి వీడియోను చందాదారులకు మాత్రమే చూపడం రివాజుగా మారాయి.

రెండవది విఫలమైన ప్రయత్నం. 2016 జనవరిలో ఫైన్ బ్రదర్స్ 'రియాక్ట్ వరల్డ్' పేరుతో తమ కార్యక్రమాల నమూనాను ఇతరులకు లైసెన్సుగా ఇచ్చే పథకాన్ని ప్రకటించారు. 'రియాక్ట్' అనే మాటకే ట్రేడ్‌మార్క్ కోరుతున్నారన్న విషయం బయటపడటంతో తీవ్ర నిరసన వ్యక్తమైంది. కొద్దిరోజులలోనే వారు పథకాన్ని, ట్రేడ్‌మార్క్ దరఖాస్తులను ఉపసంహరించుకున్నారు. స్పందించడం మనుషులందరి సొత్తు. దానికి హద్దురాళ్లు పాతి పట్టా రాయించుకోవడం కుదరదని ఆ నిరసన తేల్చింది. ఈ రంగంలో వేదిక నిర్మించేవారు ఎవరైనా గుర్తుంచుకోవలసిన అనుభవం ఇది.

వెల చెల్లించి కోరే పద్ధతిలోని చిక్కును ప్రబంధ సంప్రదాయం నుంచి అర్థం చేసుకోవచ్చు. కృతిభర్త కోరిక మీద పుట్టిన కావ్యం అవతారికలో కృతిభర్త వంశాన్ని కీర్తించడం ఆచారం. ఆ కీర్తన కావ్యపు వాకిలి దగ్గర ఆగిపోయేది. లోపలి కథలో కవికి స్వేచ్ఛ ఉండేది. చెల్లింపుతో వచ్చిన స్పందనలో అవతారికకు, కథకు మధ్య గోడ లేదు. అభిమాని చెల్లించినది పాట వినడానికి అని పైకి చెప్పుకున్నా, ఆశించినది మెప్పును. పాట నచ్చలేదని చెప్పిన స్పందనకర్త ఆ అభిమానిని మాత్రమే కాదు, ఆ గాయకుని అభిమాన సమూహం మొత్తాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది. దీనితో ప్రతికూల స్పందన క్రమంగా అదృశ్యమవుతుంది. వినిపించేదంతా మెప్పే అయినప్పుడు మెప్పుకు అర్థం ఉండదు. నిషిద్ధాక్షరి లేని అవధానంలా అది తేలిపోతుంది.

6. హక్కుల చట్రం, ప్రక్రియ రూపం

స్పందన వీడియో ఆకృతిని నిర్ణయించిన శక్తులలో రసదృష్టి కంటే కాపీరైట్ ప్రబలమైనది. యూట్యూబ్ 2007లో ప్రవేశపెట్టిన కంటెంట్ ఐడీ విధానం హక్కుదారులు ఇచ్చిన నమూనాలతో ప్రతి వీడియోనూ పోల్చి చూస్తుంది. పోలిక దొరికితే హక్కుదారు ఆ వీడియోను అడ్డుకోవచ్చు, దాని ప్రకటనల ఆదాయాన్ని తాను తీసుకోవచ్చు, లేదా గమనిస్తూ ఊరుకోవచ్చు. పాటను ఆసాంతం వినిపిస్తే యంత్రం పట్టుకుంటుంది. కాబట్టి స్పందనకర్త కొన్ని క్షణాలకు ఒకసారి పాటను ఆపుతాడు, మాట్లాడతాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఈ ఆపడం విశ్లేషణ కోసం అనిపిస్తుంది. తరచుగా అది యంత్రాన్ని తప్పించుకోవడానికి.

చట్టం కూడా మాటను కోరుతుంది. అమెరికాలో హుస్సేన్‌జాదే, క్లైన్ దంపతుల మధ్య నడిచిన వ్యాజ్యంలో న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం 2017లో క్లైన్ దంపతుల విమర్శనాత్మక వీడియోను న్యాయమైన వినియోగంగా పరిగణించింది. ఆ వ్యాజ్యం సంగీతానికి సంబంధించినది కాదు. అయినా, రియాక్షన్ వీడియోలన్నీ ఒకే కోవకు చెందవని, కొన్ని మూలకృతిలోని చిన్న భాగాల నడుమ విమర్శను పొదుగుతాయని, మరికొన్ని వ్యాఖ్య లేని సామూహిక వీక్షణం వంటివని న్యాయస్థానం వేరుచేసి చూపింది. భారతదేశపు 1957 కాపీరైట్ చట్టం 52(1)(ఎ) సెక్షన్ కూడా న్యాయమైన వ్యవహారం కింద విమర్శకు, సమీక్షకు చోటిచ్చింది. చట్టం దృష్టిలో మాట్లాడే శ్రోతకు రక్షణ ఉంది. నిశ్శబ్దంగా వినే శ్రోతకు ఆ రక్షణ బలహీనం.

దీని పర్యవసానం గమనార్హం. భరతుడు పై మెట్టున నిలిపిన దైవసిద్ధి, అంటే నిశ్చలమైన తన్మయత్వం, ఈ ప్రక్రియలో మూడు విధాలుగా శిక్షకు గురవుతున్నది. పాట ఆపకుండా మౌనంగా విన్న వీడియోను యంత్రం పట్టుకుంటుంది. చట్టం దాన్ని విమర్శగా గుర్తించడానికి తటపటాయిస్తుంది. నిశ్చలమైన ముఖం వీడియో ముఖచిత్రంగా ఎవరినీ ఆకర్షించదు కాబట్టి విపణి దాన్ని వెనక్కి నెడుతుంది. వీటన్నిటి వల్ల స్పందన అంటే నోరు తెరవడమేనన్న భావన స్థిరపడింది. ఎడతెగని అంతరాయంతో సాగే ఈ వినికిడి రసవిఘ్నమే ప్రక్రియగా మారిన స్థితి.

ఈ చిక్కుకు స్పందనకర్తలే ఒక ఉపాయం కనుగొన్నారు. మూలకృతి లేకుండా తమ స్పందనను మాత్రమే అందించి, ప్రేక్షకుడు తన దగ్గరున్న ప్రతిని అదే సమయానికి నడుపుకొనేలా సూచించడం ఆ ఉపాయం. కొత్తగా నిర్మించే వేదిక దీనినే పునాదిగా తీసుకోవచ్చు. హక్కుదారు అధికారికంగా ఉంచిన పాటను ఒక గవాక్షంలో, స్పందనను మరొక గవాక్షంలో ఒకే కాలమానంతో నడిపితే పాట ఆదాయం పాటకు, స్పందన ఆదాయం స్పందనకు చెందుతాయి. పాటను ఆపవలసిన అవసరం ఉండదు. మౌనానికి మళ్లీ చోటు దొరుకుతుంది. పాటకు చెందిన ఆదాయం కంపెనీ దగ్గరే ఆగిపోకూడదన్నది మరో అంశం. 2012 సవరణ ప్రకారం, సినిమాతో పాటు ప్రదర్శనశాలలో కాక ఇతర విధాలుగా పాట వినియోగమైనప్పుడు రాయల్టీలో గీతరచయితకు, స్వరకర్తకు సమాన వాటా హక్కు ఉంది. ఏ పాట ఎన్నిసార్లు, ఎవరి స్పందన ద్వారా వినబడిందో లెక్క చూపగల వేదిక ఆ హక్కుకు ఆధారపత్రం కాగలదు.

7. తెలుగు పాట, పరదేశి చెవి

తెలుగు అభిమానికి ఈ ప్రక్రియ మరింత సన్నిహితమైనది విదేశీ స్పందనకర్తల ద్వారా. 'ఆర్ఆర్ఆర్' చిత్రంలోని 'నాటు నాటు' 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, అదే ఏడాది మార్చిలో ఆస్కార్ పొందింది. పురస్కారాలకు ముందూ తరువాతా ఆ పాటకు వివిధ దేశాల స్పందనకర్తలు చేసిన వీడియోలను తెలుగువారు ఉత్సాహంగా చూశారు. కీరవాణి కూర్చిన లయ, ప్రేమ్ రక్షిత్ సమకూర్చిన నృత్యం భాషాభేదం లేకుండా తాకాయి. చంద్రబోస్ రచనలోని పోలేరమ్మ జాతర, కర్రసాము, మర్రినీడ, మిరపతొక్కు మాత్రం ఆ స్పందనల్లో చాలావరకు కనబడవు. ఉపశీర్షికలు వాటికి అర్థం ఇస్తాయి గాని వాసన ఇవ్వలేవు. పాటలోని సగం చేరని చెవి నుంచి పూర్తి మెప్పు వస్తున్నది. ఆ మెప్పును తెలుగు శ్రోత తన భాషకు దక్కిన గౌరవంగా స్వీకరిస్తున్నాడు.

'ఇంట గెలిచి రచ్చ గెలవాలి' అన్నది తెలుగు సామెత. ఇక్కడ క్రమం తారుమారైంది. రచ్చ గెలిచాకనే ఇంట గెలుపును నమ్మే మనస్తత్వం కనిపిస్తున్నది. దీన్ని కేవలం వలసకాలపు మనోభావంగా కొట్టివేయడం తొందరపాటు. ఇతరుల చెవితో తన పాటను వినడం వల్ల పరిచయం కప్పేసిన విశేషాలు బయటపడతాయి. తెలుగు శ్రోత మామూలుగా దాటిపోయే డప్పు దరువును విదేశీ డ్రమ్మర్ ఆగి లెక్కించినప్పుడు ఆ దరువు తెలుగు శ్రోతకే కొత్తగా వినిపిస్తుంది. ఇది నిజమైన లాభం.

అభినవగుప్తుడు పేర్కొన్న రసవిఘ్నాలలో రెండు ఈ సందర్భానికి వర్తిస్తాయి. తనది, పరులది అనే నియమంతో దేశకాల విశేషాలకు కట్టుబడటం ఒకటి. స్వీయ సుఖదుఃఖాలకు వశమైపోవడం మరొకటి. 'మా భాష పాటను వాళ్లు మెచ్చుకుంటున్నారు' అన్న గర్వం మొదటి విఘ్నం. అభిమాన నటుని గెలుపును తన గెలుపుగా అనుభవించడం రెండవ విఘ్నం. ఈ రెండూ ఉన్న చోట సాధారణీకరణం జరగదు. జరిగేది లెక్కింపు. ఎన్ని దేశాలు, ఎన్ని వీడియోలు, ఎన్ని కన్నీళ్లు అన్న లెక్క. ఒకే పాటకు పదులకొద్దీ స్పందనలను వరుసగా చూసే అభిమాని పాటకు దగ్గరవుతున్నాడా, ఓట్ల లెక్కింపు కేంద్రానికి దగ్గరవుతున్నాడా అన్నది ఆలోచించవలసిన విషయం.

దీనికి ప్రతిగా ఎదురుదారి కూడా సాధ్యమే. తెలుగు శ్రోత తనకు తెలియని సంగీతాలను వింటూ తెలుగులో స్పందించడం, ఒగ్గుకథను గాని బుర్రకథను గాని ఈ తరం యువకుని చేత తొలిసారి వినిపించడం, కర్ణాటక సంగీత విద్వాంసుడు సినిమా పాటను రాగదృష్టితో పరిశీలించడం ఈ ప్రక్రియలో విస్తరించదగిన శాఖలు. వేదిక కోరికల జాబితా వీటికి చోటివ్వాలి. ఓటింగు ఒక్కటే ప్రమాణమైతే కొత్తగా విడుదలైన పెద్ద సినిమా పాట ముందు ఇవి ఎన్నటికీ నిలవలేవు.

8. వేదికకు కావలసిన గుణాలు

పై చర్చ నుంచి ప్రతిస్పందన వేదికకు కొన్ని ప్రమాణాలు తేలుతాయి. వీటిలో మొదటిది స్పష్టత. ఇది తొలి వినికిడా, మలి వినికిడా అన్నది స్పందనకర్త ముందే ప్రకటించే వీలుండాలి. మలి వినికిడికి తక్కువ విలువ కట్టకూడదు. సహృదయత అభ్యాసం వల్ల వస్తుందన్న సూత్రాన్ని వేదిక గౌరవిస్తే, 'మొదటిసారి' అన్న అబద్ధానికి అవసరం తగ్గుతుంది. ఒక పాటకు అదే వ్యక్తి ఏడాది తరువాత ఇచ్చిన స్పందనను తొలి స్పందన పక్కన చూపగలిగితే అభిరుచి ఎదుగుదలకు అది అరుదైన దాఖలా అవుతుంది.

రెండవది అసమ్మతికి రక్షణ. చెల్లింపు కోరికకు మాత్రమేనని, తీర్పుకు కాదని వేదిక నియమంగా ప్రకటించాలి. కోరినవారి పేరు స్పందన పూర్తయ్యేవరకు స్పందనకర్తకు తెలియకుండా ఉంచడం ఇందుకు ఒక సులువైన మార్గం. విద్వత్పత్రికలలో వ్యాసకర్త పేరు చెప్పకుండా సమీక్షకు పంపే పద్ధతికి ఇది దగ్గరిది. మూడవది ప్రాశ్నిక విభాగం. గాత్రం, లయ, సాహిత్యం, నృత్యం, శబ్దమిశ్రమం అన్న రంగాల వారీగా స్పందనలను పేర్చితే అభిమాని తన ప్రశ్నకు తగిన చెవిని ఎంచుకోగలుగుతాడు. నాలుగవది సాహిత్యానికి సహాయం. పరభాషా శ్రోతకు పాటతో పాటు పదార్థం, సాంస్కృతిక వివరణ అందించే పని అభిమానులే చేయగలరు. కోరిక పంపేవాడు పాటకు చిన్న వ్యాఖ్యను జతచేయాలన్న నియమం ఉంటే అభిమాని వినియోగదారు స్థాయి నుంచి వ్యాఖ్యాత స్థాయికి ఎదుగుతాడు. ఆ వ్యాఖ్యను స్పందనకర్త ముందు చదవాలా, విన్నాక చదవాలా అన్నది అతని ఇష్టానికి వదలవచ్చు.

9. ముగింపు

ప్రతిస్పందన వీడియో విమర్శకు శత్రువు కాదు, ప్రత్యామ్నాయమూ కాదు. విమర్శ మొదలయ్యే చోటును అది చూపుతుంది. అనుభవం కలిగిన క్షణానికి, దానికి కారణం చెప్పుకోగల క్షణానికి మధ్య దూరం ఉంది. ఆ దూరాన్ని ప్రయాణించిన శ్రోతే విమర్శకుడు అవుతాడు. స్పందనకర్తను ఆ ప్రయాణానికి ప్రోత్సహించే వేదిక సభ అవుతుంది. మొదటి క్షణం దగ్గరే నిలిపి, దాన్నే పదే పదే అమ్మించే వేదిక సంతగా మిగులుతుంది.

ఈ పరిశీలనలో తేలిన ప్రధానాంశాలు ఇవి:

• శ్రోత స్పందనను ప్రదర్శనలో భాగంగా చేయడం తెలుగు సంప్రదాయానికి కొత్త కాదు. ఊ కొట్టడం, బుర్రకథ వంత, పద్యనాటకపు వన్స్‌మోర్, అవధాన పృచ్ఛకత్వం, రేడియో కోరిక ఉత్తరాలు దీనికి పూర్వరూపాలు.

• నేటి ప్రక్రియ మానుషసిద్ధికి పరిమితమైంది. యంత్రపు నిఘా, చట్టపు స్వభావం, విపణి ఒత్తిడి కలిసి దైవసిద్ధికి గుర్తయిన మౌనాన్ని తొలగిస్తున్నాయి.

• తొలి వినికిడిని సరుకుగా మార్చడం వల్ల నటన అనివార్యమవుతున్నది. అభ్యాసంతో ఎదిగిన మలి వినికిడికి సమాన గౌరవం ఇవ్వడం దీనికి విరుగుడు.

• పరదేశి మెప్పు పట్ల తెలుగు అభిమాని చూపే ఆసక్తిలో నిజమైన పునర్వీక్షణ, రసవిఘ్నమైన గర్వం రెండూ కలిసి ఉన్నాయి.

• పాట ఆదాయాన్ని, స్పందన ఆదాయాన్ని వేరుచేసే సాంకేతిక అమరిక హక్కుల సమస్యకే కాక రససమస్యకు కూడా పరిష్కారం చూపగలదు.

ఊ కొట్టేవాడు నిద్రపోతే కథకుడు కథ ఆపేవాడు. ఊ కొట్టడమే పనిగా పెట్టుకున్నవాడు కథ వింటున్నాడో లేదో ఆ కథకునికి తెలిసేది కాదు. ప్రతిస్పందన వేదికల ముందున్న అసలు పరీక్ష ఈ రెండవ శ్రోతను గుర్తుపట్టడం.